కుంపటి ముందు రాజు

మిర్చి సీజన్ మొదలైతే మానుకోట ఊరు ఊరంతా తుమ్ముతుంది. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసి ఉన్నా అక్కడ పుట్టినవాళ్లకు అది మానుకోటే. మార్కెట్‌కు పోయే దారిలో, చెప్పుల కొట్టుకూ సెల్‌ఫోన్ల కొట్టుకూ మధ్య ఇరుక్కున్న కంసాలి సంజీవ దుకాణంలో మాత్రం తుమ్ము వచ్చినా ఆపుకోవాల్సిందే. ముందున్న పీట మీద ఆకురాయి రాల్చిన బంగారు రజను ఉంటుంది మరి. ఒక్క తుమ్ముకు ఎగిరిపోయేది గిరాకీల సొమ్ము. ఏళ్ల తరబడి తుమ్ములు మింగి మింగి సంజీవ ముక్కు ఎప్పుడూ ఎర్రగా ఉండేది. అవుసలాయన పొద్దున్నే మొదలుపెడతాడని కొత్తవాళ్లు గుసగుసలాడుకునేవారు. పాపం, అతనికి చాయ్ తప్ప మరో అలవాటు లేదు. వ్యసనమంటూ ఉంటే అది పాత నాణేలు. అదీ కోరి తగిలించుకున్నది కాదు.

సంజీవ తండ్రిది భూపాలపల్లి దిక్కు పల్లె. పుస్తెలు, మట్టెలు, కడియాలు చేసి బతికిన మనిషి. బొగ్గుబావులు వచ్చాక సంజీవ తమ్ముడు ఎల్లేశ్ సుత్తి పారేసి బావిలో పనికి పోయాడు. "నాది నల్లబంగారమే అన్నా. కరిగించేది లేదు, గిరాకీల తిట్లు లేవు" అని నవ్వేవాడు. సంజీవ మానుకోట వచ్చి కుంపటి పెట్టుకున్నాడు. తండ్రి ఇచ్చిన ఆస్తి ఒక దాగలి, రెండు సుత్తులు, ఊదుగొట్టం, వాటితోపాటు ఒక కట్టుబాటు.

ఆ కట్టుబాటు ఏమిటంటే, పాత నగలు కరిగించేటప్పుడు దేవుడి బొమ్మ ఉన్నదేదీ అట్లాగే మూసలో వేయకూడదు. లక్ష్మీరూపు గానీ, వెంకన్న రూపు గానీ, ముందు దాగలి మీద పెట్టాలి. దండం పెట్టి, పేరు పెట్టి పిలిచి, "లేచిపో సామీ" అనాలి. ఆయన లేచిపోయాక సుత్తితో కొట్టి బొమ్మను చెరిపేయాలి. దీన్నే వాళ్లు రూపు మాపడం అంటారు. మనం ఒళ్లు మండినప్పుడు పళ్లు కొరికి అనే మాట, వాళ్లకు పనిలో ఒక భాగం. పేరు మాత్రం తప్పు పోకూడదు. "పేరు తప్పితే సామి లేవడు బిడ్డా. లేవకముందే సుత్తి పడ్డదంటే ఆ దెబ్బ మనకే" అని తండ్రి చెప్పేవాడు. పెద్ద షోరూముల వాళ్లు అన్నీ మిషన్‌లో పడేసి కరిగిస్తున్నారు, వాళ్లను ఏ దేవుడూ ఏమీ చేయలేదు కదా అని ఎవరైనా ఆటపట్టిస్తే, "ఆడ ఏసీ ఉన్నది. సామికి గుడ సల్లగ నిద్ర పట్టిందేమో" అనేవాడు సంజీవ.

కురవి దగ్గరి తండా నుంచి ద్వాళి అతని కొట్టు మెట్లెక్కింది ఆమె మొగుడు రాంజీ పోయిన కొత్తలో. మొగుడు పోయిన ఆడది ఒంటిమీద సొమ్ములు విప్పేయాలన్నది తండా కట్టు. విప్పినవన్నీ ఒక గుడ్డలో మూటగట్టి తెచ్చి పీట ముందు పరిచింది. అన్నీ వెండివి. వాటి మధ్యలో బంగారుది ఒక్కటే ఉంది, అంచున కొండి అతికించిన గుండ్రటి బిళ్ల.

"గిది మా అత్తకు వాళ్లత్త ఇచ్చింది, ఆమెకు వాళ్లత్త. ఇగ నాకెందుకు. కరిగించి కోడలికి కమ్మలు చెయ్యి బిడ్డా" అంది ద్వాళి.

సంజీవ దాన్ని భూతద్దం కింద పెట్టాడు. ఒక వైపు పొడుగు అంగీ, లాగు, బూట్లు తొడిగిన మనిషి నిలబడి ఉన్నాడు. తల చుట్టూ వెలుగు. కుడిచేయి కిందికి చాపి చిన్న గద్దె లాంటి దాని మీద ఏదో వేస్తున్నాడు. తరతరాల ఆడవాళ్ల రొమ్ముల మీద ఒరుసుకుని అతని ముఖం అరిగిపోయింది. వెనకవైపు ఒక దేవుడు, ఆయన వెనుక ఎద్దు. అంచు చుట్టూ ఏదో రాత ఉంది, ఏ భాషో తెలియదు.

"ఎవరవ్వా ఈ దేవుడు?"

ద్వాళి అతన్ని జాలిగా చూసింది. "సేవాభాయాను గుర్తువట్టవా? భోగ్ చేస్తుండు సూడు. నిప్పుల నెయ్యి పోస్తుండు. ఎనుకకు తిప్పు. గది ఆయన ఎద్దు, గరాసియా."

సేవాలాల్ మహరాజ్ లంబాడీల గురువు. ఆయన పేరున నిప్పులో నెయ్యి, బెల్లంబువ్వ వేయడమే భోగ్. ద్వాళి అత్తలకూ, వాళ్ల అత్తలకూ ఆ బిళ్ల మీద కనిపించింది అదే. సంజీవకు మాత్రం వేరేది కనిపించింది.

"నాకైతే మా కులపోడే అనిపిస్తుండవ్వా. కుంపటి ముందల నిలవడి పని చేసుకుంటుండు."

"బూట్లు తొడిగిన అవుసలాయన్ని ఏడన్న సూసినవా?" అంది ద్వాళి. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు కావచ్చు.

ఆమె పోయాక బిళ్లను దాగలి మీద పెట్టి దండం పెట్టాడు. నోరు తెరిచాడు. ఏ పేరు పెట్టి లేపాలి? సేవాభాయా అనాలా? ఎద్దు ఉంది కాబట్టి శివుడా? కురవి గుడిలోని వీరన్నా? ఎత్తిన సుత్తి దించేశాడు. మర్నాడూ అంతే. చివరికి బిళ్లను కుంపటి వెనక గూట్లో పెట్టి, అంతే బరువు సొంత బంగారం తీసి కమ్మలు చేశాడు. ఆ బంగారం భార్య అరుణకు పుస్తెలతాడు చేయిద్దామని కూడబెట్టింది. అరుణ మెడలో పసుపుతాడే మిగిలింది. ఊరందరికీ బంగారు తాళ్లు చేసే చేతులు ఇంట్లో పసుపుతాడు కట్టాయని ఆమె దెప్పని పండుగ లేదు. దెప్పినా తప్పులేదు.

కమ్మలకు వచ్చినప్పుడు ద్వాళికి ఉన్నమాట చెప్పాడు. "కరిగియ్యలేదవ్వా. ఎవరిని లేపాల్నో సమజ్ కాలే."

ద్వాళి బిళ్లను అందుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "నీ కాన్నే ఉండనియ్. సేవాభాయా నిప్పు కాడ ఉండుడే మంచిది. యేడుకొక్కపారి వచ్చి భోగ్ చేసుకొని పోత. అప్పటికి ఉండాలె మరి."

"ఉంటడు" అన్నాడు సంజీవ.

అన్న మాట ప్రకారం ఫిబ్రవరిలో సేవాలాల్ జయంతి రాగానే ద్వాళి బస్సు దిగేది. డబ్బాలో బెల్లంబువ్వ, సీసాలో నెయ్యి తెచ్చేది. సంజీవ కుంపటి రగిలించి బిళ్లను దాని ముందు నిలబెట్టేవాడు. ఆమె తన భాషలో ఏదో పాడుతూ నిప్పులో నెయ్యి పోసేది. తర్వాత బిళ్లను అందుకుని, అరిగిన ఆ ముఖాన్ని బొటనవేలితో నిమిరి, కళ్లకద్దుకుని తిరిగి ఇచ్చేది. ఆ రోజు కొట్టంతా బంగారం కరిగిన వాసన పోయి పండుగ వాసన వేసేది.

బిళ్లకు అసలు పేరు చెప్పింది రఘునాథపల్లి జగపతి. భూములున్నవాడు, జనగామలో రైసుమిల్లు, నాలుగు పార్టీల వాళ్లతో పరిచయం. నాణేల పిచ్చి మాత్రం నిజమైనది. వెండి పెట్టె అతికించుకోవడానికి వచ్చి గూట్లో బిళ్లను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సంజీవా, గిది కుషాణులది. పద్దెనిమిది వందల ఏండ్ల కిందటిది. వాసుదేవుడని రాజు. అగ్నికి ఆహుతి ఇస్తుండు. ఎనుక ఉన్నది శివుడే, వాళ్లు ఓయెషో అని రాసుకున్నరు."

"మరి కురవి తండాకు ఎట్లొచ్చింది పటేలా?"

"లంబాడోళ్లు ఎడ్ల మీద సరుకేసుకొని ఉత్తరాది నుంచి దిగినోళ్లు కాదా. తొవ్వల ఏ అవ్వ మెడల పడ్డదో."

జగపతి దాన్ని అడిగాడు, బతిమాలాడు, బుజ్జగించాడు. "అది నాది కాదు పటేలా" అన్నదే సంజీవ జవాబు. మెత్తబడతాడేమోనని జగపతి అరిగిన కుషాణు రాగి నాణేలు కొన్ని చేతిలో పెట్టాడు. మెత్తబడలేదు సరికదా, సంజీవకు కొత్త జబ్బు పట్టుకుంది. బట్ట రెపరెపలాడుతుంటే పరుగెత్తే గాలిదేవుడు, భుజాల వెనక నెలవంక పెట్టుకున్న చంద్రుడు, తల చుట్టూ కిరణాలున్న సూర్యుడు. ఒక్కో రాజు తన ముఖం ఒకవైపు, తనకు నచ్చిన దేవుణ్ణి మరోవైపు అచ్చు కొట్టించుకున్నాడు. ఆదివారం వస్తే చాలు రైలెక్కి జనగామ పోయి జగపతి పెట్టెల ముందు కూర్చునేవాడు. తక్కువకు దొరికిన రాగివి తనూ కొనేవాడు. మర్నాడు కొట్టు తెరిచాక మట్టుకు గూట్లోని బంగారు రాజుకే దండం పెట్టేవాడు. ఎవరు ఏ పేరు చెప్పినా, ఆ రాజు తనలాగే నిప్పు ముందు నిలబడే మనిషి అన్న ఊహ అతన్ని వదల్లేదు.

పోయినేడు జనవరి చివర, మార్కెట్ యార్డులో ఎర్రగా మిర్చి కుప్పలు పడుతున్న రోజుల్లో, కొట్టు ముందు జీపు ఆగింది. పక్క జిల్లా పోలీసులు. ఏ స్టేషనో చెప్పుకుని ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. జీపులో కూర్చోబెట్టిన దొంగ ఒకడు సంజీవ వైపు వేలు చూపించాడు. సంజీవ వాణ్ణి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎవరో ఒకరిని చూపించమన్నారు, చూపించాడు, అంతే.

అవుసలవాళ్లకు ఇది కొత్త కాదు. దీన్ని రికవరీ అంటారు. ఎక్కడో ఎవరి మెడలోనో చెయిన్ తెగుతుంది. అది ఎక్కడో కరిగిపోతుంది, కేసు మాత్రం కరగదు. అంతే బరువు బంగారం ఎవడో ఒక కంసాలి తెచ్చి పెట్టాలి. పెట్టనంటే దొంగసొమ్ము వ్యాపారి అని జైలు. పెట్టినా కొన్నట్టు సంతకం చేయాలి, కాకపోతే ఇంటి దగ్గర పడుకోవచ్చు. ఇట్లాంటి న్యాయం చూస్తే కడుపు మండదా? మండినా చేసేదేముంది.

సొరుగు తెరిపించారు. అందులో ఉన్నవన్నీ గిరాకీల పెండ్లి సొమ్ములు, సగం చేసిన పుస్తెలు.

"అవి మందివి సార్. వాళ్ల పెండ్లిళ్లు ఆగిపోతయి" అన్నాడు సంజీవ.

"నీది లేదా?" అన్నాడు ఎస్సై.

అప్పుడే సద్ది తెచ్చిన అరుణ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చేయి మెడ దగ్గరికి తీసుకుపోయింది. పసుపుతాడుకు రెండే రెండు పుస్తెలు. సంజీవ వద్దని తల ఊపాడు. మొగుడు బతికి ఉండగా పెళ్లాం పుస్తెలు మూసలో వేసిన కంసాలి ఎవడూ లేడు. అతను కుంపటి వెనక గూట్లో చేయి పెట్టి బిళ్లను తీశాడు.

ఎస్సై దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "గిదేంది? గిట్ల పెడితే పాతవస్తువుల ఆఫీసోళ్లు నా పానం తింటరు. చెయిన్ కరిగిస్తే నాణెమైతదా? ముద్ద చేసియ్యి."

ఒక్క ఫోను చేసుకుంటానని బతిమాలి సంజీవ జగపతికి చేశాడు. "పటేలా, ఇన్నేండ్లు అడిగినవ్ గద. ఇదే బరువు బంగారం ముద్ద తెచ్చి దీన్ని తీస్కపో. నీ కాడనన్న బతికుంటది. పోలీసులు కూసున్నరు, జర జల్ది."

జగపతి గొంతు తగ్గించాడు. "పోలీసులు ఉన్నంగ ఫోనెట్ల చేసినవ్ సంజీవా? ముందల సర్పంచ్ ఎలక్షన్లున్నయి. నా పేరు ఎత్తకు." ఫోను పెట్టేశాడు. వెండి పెట్టెల్లో మఖమల్ గుడ్డ మీద రాజులను పడుకోబెట్టే మనిషికి ఒక రాజు ప్రాణం మీదికి వచ్చినప్పుడు తన పేరే ముఖ్యమైంది. వాడి పిచ్చి నిజమైనదని పైన చెప్పాను. నిజమైనదే, తన ఒంటికి నొప్పి తగలనంతవరకు.

ఎస్సై చాయ్‌కి పోతూ కానిస్టేబుల్ యుగేందర్‌ను కాపలా పెట్టాడు. యుగేందర్ మిర్చి ఘాటుకు దగ్గుతూ స్టూలు మీద కూర్చున్నాడు. "జల్ది కానియ్యన్నా. నాకు గుడ మంచిగనిపిస్తలేదు" అన్నాడు.

సంజీవ బిళ్లను దాగలి మీద పెట్టాడు. ఒకప్పుడు పేరు తెలియక సుత్తి దించాడు. ఇప్పుడు పేర్లు ఎక్కువయ్యాయి. వాసుదేవుడు, ఓయెషో, శివుడు. ఏదీ నోట రాలేదు. చివరికి ద్వాళి పిలిచే పేరే వచ్చింది.

"సేవాభాయా, లేచిపో" అన్నాడు.

ఆగాడు. దేవుడు లేచిపోయాడని ఎట్లా తెలుస్తుందో తండ్రి ఎన్నడూ చెప్పలేదు. తనూ ఎన్నడూ అడగలేదు.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అన్నాడు యుగేందర్.

సుత్తి పడింది. మేలిమి బంగారం కావడంతో దెబ్బకే అణిగింది. మొదట పోయింది రాజు చేయి, ఆ తర్వాత నిప్పుగద్దె. అరిగిన ముఖం అన్నిటికన్నా ఆఖరున పోయింది. తిప్పి కొట్టాడు. ఎద్దు పోయింది. మూసలో వేసి, వెలిగారం చల్లి, ఊదుగొట్టం నోట పెట్టుకున్నాడు. కల్తీ లేని బంగారం సడి చేయకుండా కరిగింది. ఆ సాయంత్రం దొంగసొమ్మని తెలిసే కొన్నానని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టాడు. పచ్చి అబద్ధం మీద పెట్టిన సంతకం అది.

ఆ రాత్రి నుంచి అతనికి ఒకటే దిగులు, ఫిబ్రవరి. జైలు తప్పిందని అరుణ వీరన్నకు కొబ్బరికాయ కొట్టింది. మొగుడు అన్నం ముందు కూర్చుని లేస్తుంటే ఆమెకు సంగతి అర్థమైంది.

"ముసలామెకు చూపు ఆనుతలేదు గద. ఇత్తడితోని ఒకటి చెయ్యి. ఆమె ఉసురు పోసుకునే బదులు అదే నయం."

జగపతికి ఇద్దామని ఎప్పుడో లక్కలో తీసిన అచ్చు ఒకటి మిగిలి ఉంది. దాంతోనే చేశాడు. బరువు రావడానికి లోపల సీసం దాచాడు. రాజు ముఖాన్ని ఎన్ని తరాలకు ఎంత అరిగిందో అంతే అరగదీశాడు. కొండి మీది పాత మాటుతో సహా దించాడు. పైన బంగారు పూత పూశాడు. అతని జన్మలో అంత బాగా కుదిరిన పని మరొకటి లేదు. ఏం లాభం, చెప్పుకోవడానికి లేదు.

జయంతి నాడు ఎండ ఎక్కాక ద్వాళి కర్ర ఊతంగా మెట్లెక్కింది. ఆయాసపడుతూ కూర్చుంది. కుంపటి రగిలింది. పాట పాడింది, నెయ్యి పోసింది. బిళ్లను చేతిలోకి తీసుకుని ముఖం మీద బొటనవేలితో నిమిరింది. సంజీవ కుంపటిలో బొగ్గులు ఎగదోశాడు.

"ఇయ్యాల సల్లగున్నడు" అంది.

"చలి ఇంక పోలేదు గదవ్వా" అన్నాడు సంజీవ.

ఆమె తల ఊపి, కొంగుముడి విప్పింది. ముడిలో కమ్మలున్నాయి, ఆనాడు అతను చేసినవే.

"ఇగ నాతోని బస్సెక్కుడు కాదు బిడ్డా. సేవాభాయాను ఇంటికి తీస్కపోత. నా కోడలే చెవులకెల్లి ఇప్పి ఇచ్చింది. దేవుడు ఇంట్ల ఉంటే సాలు, నాకు కమ్మలెందుకన్నది. బరువు సరిపోతది, నువ్వు చేసినయే."

సంజీవ చేయి వెనక్కి తీసుకున్నాడు. "కమ్మలు వద్దవ్వా. కోడలి చెవులకే ఉండనియ్. సామిని ఉత్తగనే తీస్కపో."

"ఉత్తగ తీస్కపోతరా దేవుణ్ణి? దొంగతనమైతది." ఆమె అతని చేయి లాగి అరచేతిలో కమ్మలు పెట్టి వేళ్లు మూసింది. "ఇన్నేండ్లు కాపాడినవ్. నీ పిల్లలు సల్లగుండాలె."

చెప్పడానికి అదే అదను. ఇత్తడిది అవ్వా, అసలుది పోయింది, నేనే కొట్టిన అని నాలుగు ముక్కలు. నోరు తెరిచాడు. సద్ది తెచ్చి గుమ్మంలో నిలబడ్డ అరుణ చూపు నేలమీద ఉంది. ద్వాళి ముసలి ముఖంలో ఆనందం చూశాక ఆ నాలుగు ముక్కలు మింగేశాడు. పిరికితనమో, జాలో. ఏదైతేనేం, అతను నోరు మూసుకున్నాడు.

ద్వాళి బిళ్లను కళ్లకద్దుకుంది. "లే సేవాభాయా, లే. ఇంటికి పోదం" అంది. కొంగున ముడివేసుకుని, ఒక చేత్తో ఆ ముడిని గుండెకు ఆనించి పట్టుకుని మెట్లు దిగింది.

సంజీవ అలవాటుగా కమ్మలను త్రాసులో వేశాడు. రవ్వంత కూడా తేడా లేదు. తనది కాని బంగారం, మోసం చేసి పుచ్చుకున్న బంగారం, ఇప్పుడు తన కొట్టులో ఉంది. పోలీసులు రాయించుకున్న కాగితం ఆనాడు అబద్ధం. అతను దాన్ని ఇవాళ నిజం చేశాడు. కళ్లు తుడుచుకుంటుంటే, మిర్చి ఘాటు ఎక్కువైంది తలుపు దగ్గరికి వేసుకొమ్మని చెప్పుల కొట్టాయన కేకేశాడు.

సంజీవ కుంపటి ఎత్తేశాక ఇప్పుడు అతని కొట్టులో బ్యాగులు అమ్ముతున్నారు. సంజీవ ఒక షోరూములో తూకం దగ్గర కూర్చుంటున్నాడు. కురవి తండాలో ద్వాళి ఇంట్లో గద్దె కట్టించారని, చుట్టుపక్కల తండాల వాళ్లు కూడా వచ్చి ఆ బిళ్ల ముందు భోగ్ చేసి పోతున్నారని విన్నాడు. కురవి బస్సు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోతాడు. రాగి నాణేలన్నీ జగపతికి పంపేశాడు. కమ్మలు మాత్రం ఇంట్లో గూట్లోనే ఉన్నాయి. వాటి మీద ఏ దేవుడి రూపూ లేదు, ఎవరినీ లేపనక్కరలేదు. అయినా అతను వాటిని కరిగించలేదు, అరుణ కూడా అడగలేదు.